శరీరం బయట ఒక మూత్రపిండం

ఇంట్లో మురుగుకాలువ పూడిపోయిందనుకోండి. మొదటిరోజు ఎవరూ అంతగా పట్టించుకోరు. రెండోరోజు పెరట్లో నీళ్ళు నిలుస్తాయి, వాసన మొదలవుతుంది. వారం తిరిగేసరికి ఇంట్లో కాలు పెట్టలేం. ఇల్లు ఎంత అందంగా కట్టినా, వంట ఎంత రుచిగా చేసినా, మురికి బయటికి పోయే దారి లేకపోతే ఆ ఇల్లు కాపురానికి పనికిరాదు.

మన శరీరం సంగతీ అంతే. మీరు తిన్న పప్పులోనూ, గుడ్డులోనూ మాంసకృత్తులు ఉంటాయి. శరీరం వాటిని వాడుకోగా మిగిలిన నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది. యూరియాతోపాటు ఇంకా ఎన్నో వ్యర్థ పదార్థాలు రక్తంలో చేరుతూ ఉంటాయి. వీటిని ఎప్పటికప్పుడు ఏరి బయటికి పంపే పని మూత్రపిండాలది. వీటినే మనం ఇంగ్లీషు మాటతో కిడ్నీలు అంటున్నాం.

నడుము పైభాగాన, వెన్నెముకకు అటూ ఇటూ చిక్కుడు గింజల ఆకారంలో రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్కటి మీ పిడికిలికన్న కాస్త పెద్దది. కాని అవి చేసే పని చూడండి! పెద్దవారిలో నిమిషానికి సుమారు లీటరుంబావు రక్తం వాటిలోగుండా ప్రవహిస్తుంది. ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రాలు ఉంటాయి. వాటి పేరు నెఫ్రాన్లు. ఇవన్నీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. పదిహేను లీటర్ల బిందెలతో కొలిస్తే పన్నెండు బిందెలన్నమాట! మరి అంత మూత్రం మనకు రావటం లేదే? నిజమే. వడకట్టిన దానిలో శరీరానికి పనికివచ్చే నీటిని, చక్కెరను, లవణాలను నెఫ్రాన్లు తిరిగి రక్తంలోకి తీసుకుంటాయి. చివరికి మూత్రంగా పోయేది లీటరు, లీటరున్నర మాత్రమే.

ఈ రెండు పిండాలూ పనిచేయటం మానేస్తే? రక్తంలో యూరియా పెరుగుతుంది. పొటాసియం పెరుగుతుంది. నీరు పోయే దారి లేక ఒళ్ళు ఉబ్బుతుంది. వాంతులు, మగత, చివరకు స్పృహ తప్పటం. కొన్నాళ్ళలో మరణం. ఎనభై ఏళ్ళ క్రితం వరకు దీనికి మందు లేదు. డాక్టర్లు చూస్తూ ఊరుకోవలసిందే.

చూస్తూ ఊరుకోలేని ఒక డాక్టరు కథ ఇది.

గ్రాహం చెప్పిన కిటుకు

ఆ డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు మరొకరిని పలకరించి పోదాం. ఆయన స్కాట్లండులో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహం. నీటిలో కరిగిన పదార్థాలు పలుచని పొరలగుండా ఎలా పోతాయో ఆయన పరిశీలించాడు. ఉప్పు, పంచదార, యూరియా వంటి చిన్న అణువులు పొరలోని సన్నని రంధ్రాల ద్వారా అవతలి నీళ్ళలోకి జారిపోతున్నాయి. జిగురు వంటి పెద్ద అణువులు మాత్రం ఇవతలే నిలిచిపోతున్నాయి. ఇలా పొర సాయంతో చిన్నవాటినీ పెద్దవాటినీ వేరుచేసే పద్ధతికి 1861లో ఆయన 'డయాలిసిస్' అని పేరు పెట్టాడు.

చిన్న అణువులు అసలు ఎందుకు కదులుతాయి? ఒక గ్లాసు నీళ్ళలో సిరాచుక్క వేసి, కదిలించకుండా వదిలేయండి. సిరా మెల్లగా గ్లాసంతా పాకుతుంది. గాఢత ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటికి పదార్థం ఇలా వ్యాపించటాన్ని విసరణ అంటారు. మధ్యలో పలుచని పొర అడ్డమున్నా, దాని రంధ్రాలలో పట్టే అణువులు ఈ నియమాన్నే పాటిస్తాయి.

రక్తాన్ని అటువంటి పొరకు ఒక పక్కన, శుభ్రమైన నీటిని మరో పక్కన ఉంచితే? యూరియా చిన్న అణువు గనుక అవతలికి పోతుంది. రక్తకణాలు, మాంసకృత్తులు పెద్దవి గనుక పోలేవు. బాగానే ఉంది. కాని ఉప్పు కూడా చిన్నదే కదా, అదీ పోతుందే! దీనికి ఉపాయం తేలిక. అవతలి నీళ్ళలో ముందే రక్తంలో ఉన్నంత ఉప్పు కలిపి ఉంచాలి. రెండు పక్కలా గాఢత సమానమైతే ఉప్పు తగ్గదు. యూరియా మాత్రం అవతల లేదు కాబట్టి అదొక్కటీ తరలిపోతుంది. డయాలిసిస్ కిటుకంతా ఇదే.

కిటుకు తెలిసినా పని జరగటానికి చాలా ఏళ్ళు పట్టింది. 1913లో అమెరికాలో జాన్ ఏబెల్, ఆయన సహచరులు కుక్కల రక్తాన్ని గొట్టాలద్వారా బయటికి తెచ్చి శుద్ధిచేసి మళ్ళీ లోపలికి పంపారు. బయటికొచ్చిన రక్తం గడ్డకట్టకుండా వారు జలగల నుంచి తీసిన హిరుడిన్ అనే పదార్థాన్ని వాడారు. 1924లో జర్మనీలోని గీసెన్ నగరంలో గేయోర్గ్ హాస్ మొట్టమొదటిసారి ఒక మనిషికి డయాలిసిస్ చేశాడు. అది పదిహేను నిమిషాలు మాత్రమే సాగింది. శుద్ధి అయిన రక్తం చాలా కొద్ది. రోగులు కోలుకోలేదు. హాస్ ఆ ప్రయత్నం మానుకున్నాడు.

సాసేజి తొక్క

ఇక మన డాక్టరు. పేరు విల్లెం కోల్ఫ్. 1911లో హాలెండులో పుట్టాడు. 1938లో గ్రోనింగెన్ నగరంలోని ఆసుపత్రిలో చిన్న డాక్టరుగా పనిచేస్తున్నాడు. ఆయన చూసే నాలుగు పడకలలో ఒకదానిపై ఇరవై రెండేళ్ళ యువకుడు ఉన్నాడు. మూత్రపిండాలు చెడిపోయాయి. చూపు మందగించింది. వాంతులు ఆగటంలేదు. నాలుగు రోజులపాటు చావుతో పెనుగులాడి అతడు మరణించాడు. పొలం పనిచేసే అతని తల్లికి ఆ మాట చెప్పవలసింది కోల్ఫే.

రోజూ ఈ యువకుడి రక్తంలోనుంచి ఇరవై గ్రాముల యూరియా తీసేయగలిగి ఉంటే బ్రతికేవాడేమో! ఈ ఆలోచన కోల్ఫ్‌ను పట్టుకుంది. అదే విశ్వవిద్యాలయంలో బ్రింక్‌మన్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. సెల్లోఫేన్ పొర డయాలిసిస్‌కు బాగా పనికివస్తుందని ఆయన కోల్ఫ్‌కు చెప్పాడు. సెల్లోఫేన్ మీకూ తెలిసినదే. మిఠాయిలకు చుట్టే గలగలలాడే పారదర్శకమైన కాగితం. ఆ రోజుల్లో మాంసం కూరి అమ్మే సాసేజిలకు తొడుగుగా సెల్లోఫేన్ గొట్టాలు బజారులో దొరికేవి. కోల్ఫ్ ఒక ముక్కలో కొంచెం రక్తం పోసి, యూరియా కలిపి, రెండు చివరలూ కట్టి, ఉప్పునీటిలో ఊపాడు. కొద్దిసేపటిలోనే యూరియాలో చాలాభాగం నీళ్ళలోకి పోయింది!

కొలతలు వేసుకున్నాడు. మనిషికి సరిపడా శుద్ధి జరగాలంటే అలాంటి గొట్టం మీటర్లకొద్దీ కావాలి. రక్తం అందులో పలుచగా పరుచుకోవాలి, కదులుతూ ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి హెపారిన్ అనే మందు అప్పటికే వచ్చింది. ఇక కావలసింది యంత్రం.

ఇంతలో యుద్ధం వచ్చిపడింది. 1940 మే 10న జర్మన్ సేనలు హాలెండుపై దాడిచేశాయి. కోల్ఫ్ గురువు పోలక్ డానియెల్స్ యూదుడు. ఆయన ఆ రోజుల్లోనే ప్రాణాలు కోల్పోయాడు. ఆయన స్థానంలో నాజీ పక్షపాతి ఒకడు అధికారిగా వచ్చాడు. అతనికింద పనిచేయటం ఇష్టంలేక కోల్ఫ్ 1941లో ఐసెల్ నది ఒడ్డున ఉన్న కాంపెన్ అనే చిన్న ఊరి ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

చెక్కపట్టీల పీపా

యుద్ధకాలం. అల్యూమినియం లేదు, రబ్బరు లేదు, ఏది కావాలన్నా కరువే. అయితే కాంపెన్‌లో ఎనామెల్ పాత్రల కర్మాగారం ఒకటి ఉంది. దాని డైరెక్టరు హెండ్రిక్ బెర్క్. కోల్ఫ్ తన ఆలోచన చెప్పగానే బెర్క్ సాయానికి ముందుకు వచ్చాడు.

వాళ్ళు చేసిన యంత్రాన్ని ఊహించుకోండి. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద పీపా. దాని చుట్టూ చెక్కపట్టీలు. వాటి మీద పాముచుట్టలా సుమారు 20 మీటర్ల సెల్లోఫేన్ గొట్టం. పీపా అడుగుభాగం 100 లీటర్ల ఉప్పునీరున్న ఎనామెల్ తొట్టిలో మునిగి ఉంటుంది. రోగి చేతి ధమని నుంచి రక్తం గొట్టంలోకి వస్తుంది. పీపా తిరుగుతుంటే రక్తం తన బరువుకొద్దీ ఎప్పుడూ అడుగుకు జారుతూ, ఒక్కొక్క చుట్టే దాటుకుంటూ రెండోచివరకు చేరుతుంది. దారిపొడవునా అందులోని యూరియా తొట్టిలోకి పోతుంది. శుద్ధి అయిన రక్తం తిరిగి సిరలోకి వెళుతుంది.

ఇక్కడ ఒక చిక్కు. పీపా తిరుగుతుంది, రోగి తిరగడు! తిరిగే గొట్టాన్నీ తిరగని గొట్టాన్నీ రక్తం కారకుండా ఎలా కలపాలి? దీనికి జవాబు మోటారు కార్ల దుకాణంలో దొరికింది. ఫోర్డు కారు నీటిపంపులో ఉండే అమరికను చూసి కోల్ఫ్ అలాంటిదే చేయించాడు.

1943 మార్చి 17న మొదటి రోగికి ఈ యంత్రంతో చికిత్స మొదలయింది. ఆమె వయసు 29 ఏళ్ళు. ఆమె మూత్రపిండాలు మళ్ళీ బాగుపడే స్థితిలో లేవు. అయినా ప్రతిసారి డయాలిసిస్ అయ్యాక ఆమె తేరుకునేది. అలా పన్నెండు సార్లు చేశారు. ప్రతిసారీ గొట్టం పెట్టడానికి కొత్తగా ఒక రక్తనాళాన్ని కోయాలి. చివరికి కోయదగ్గ నాళాలు మిగల్లేదు. ఆమె మరణించింది.

తరువాత మరొకరు. ఆ తరువాత ఇంకొకరు. రెండేళ్ళు గడిచాయి. పదహారు మందికి చికిత్స జరిగింది. ఈ యంత్రం వల్లనే బ్రతికారని నిస్సందేహంగా చెప్పదగ్గవారు వారిలో ఒక్కరైనా లేరు. ఆ స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? కోల్ఫ్ ప్రతి రోగి విషయంలోనూ రక్తంలో యూరియా ఎంత తగ్గిందో, ఏ తప్పు జరిగిందో రాసిపెట్టాడు. 1944లో బెర్క్ పేరు కూడా కలిపి యంత్రం వివరాలను వైద్య పత్రికలో ప్రచురించాడు. యూరియా తగ్గుతున్నదని అంకెలు చెబుతున్నాయి. అంటే సూత్రం తప్పు కాదు. మూత్రపిండాలు తాత్కాలికంగా దెబ్బతిన్న రోగి దొరికితే, అవి కోలుకునేదాకా యంత్రంతో నెట్టుకురావచ్చు.

పదిహేడవ రోగి

1945 సెప్టెంబరు. యుద్ధం ముగిసింది. స్పృహలేని స్థితిలో ఉన్న 67 ఏళ్ళ స్త్రీని కోల్ఫ్ దగ్గరకు తెచ్చారు. ఆమె మూత్రపిండాలు హఠాత్తుగా పనిచేయటం మానేశాయి. ఆమె జర్మన్ ఆక్రమణదారులకు తోడ్పడినందుకు ఖైదులో ఉన్న మనిషి. ఊళ్ళో ఆమె బ్రతకాలని కోరుకునేవారు చాలా తక్కువ.

గురువును పోగొట్టుకున్నవాడు, నాజీలకింద పనిచేయనని ఊరే వదిలివచ్చినవాడు కోల్ఫ్. ఆయన ఆమెను యంత్రానికి కలిపాడు. రోగి ఎవరన్నది వైద్యుడు చూడవలసిన విషయం కాదు.

సెప్టెంబరు 11న పీపా సుమారు పదకొండు గంటలు తిరిగింది. ఆమె కళ్ళు తెరిచింది. మాట్లాడింది. తెలివి రాగానే భర్తకు విడాకులు ఇస్తానని అన్నదట! కొన్ని రోజులకు ఆమె మూత్రపిండాలు తమంతట తామే పని మొదలుపెట్టాయి. ఆమె మరో ఆరేళ్ళు బ్రతికి, వేరే జబ్బుతో మరణించింది. కృత్రిమ మూత్రపిండం ప్రాణం నిలిపిన మొదటి మనిషి ఆమె.

కోల్ఫ్ తన యంత్రాలను దాచుకోలేదు. లండన్, న్యూయార్క్, మాంట్రియల్ నగరాల ఆసుపత్రులకు ఉచితంగా పంపాడు. ఎవరైనా తయారుచేసుకోవచ్చునన్నాడు. 1950లో అమెరికా వెళ్ళి, అక్కడ కృత్రిమ హృదయంపై కూడా కృషిచేశాడు. 2009లో, 98వ పుట్టినరోజు మూడురోజులుందనగా కన్నుమూశాడు.

కొత్త చిక్కు, కొత్త ప్రశ్న

మూత్రపిండాలు శాశ్వతంగా పాడైనవారి సంగతి? వారికి వారానికి రెండు మూడుసార్లు, జీవితాంతం డయాలిసిస్ కావాలి. ప్రతిసారీ కొత్త నాళం కోయటం సాధ్యమా? కోల్ఫ్ మొదటి రోగి మరణించింది ఈ చిక్కువల్లనే గదా!

1960లో అమెరికాలోని సియాటిల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు దీనికి మార్గం కనిపెట్టాడు. ధమనిలో ఒక గొట్టం, సిరలో ఒక గొట్టం శాశ్వతంగా అమర్చి, చికిత్స లేనప్పుడు చేతిపైన ఆ రెంటినీ చిన్న వంపు గొట్టంతో కలిపేశాడు. గొట్టాలు టెఫ్లాన్‌తో చేసినవి. మాడు పట్టని పెనాలకు పూతగా వేసేది ఈ పదార్థమే. దానికి ఏదీ అంటదు గనుక రక్తమూ సులభంగా గడ్డకట్టదు. ఈ పద్ధతిలో చికిత్స పొందిన మొదటి రోగి పదకొండేళ్ళు జీవించాడు.

1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో, వారి సహచరులు ఇంకా మంచి ఉపాయం చెప్పారు. మణికట్టు దగ్గర చర్మం లోపలే ధమనిని సిరకు కలిపి కుట్టేయటం. ధమని వేగానికి కొన్ని వారాలలో సిర లావెక్కి గట్టిపడుతుంది. ఇక దానిలోకి సూదులు గుచ్చి ఎన్నిసార్లయినా డయాలిసిస్ చేయవచ్చు. నేటికీ అన్నిటికన్న మెరుగైన పద్ధతి ఇదే.

సియాటిల్‌లో మరొక సంగతి కూడా జరిగింది. 1962లో అక్కడ డయాలిసిస్ కేంద్రం తెరిచారు. యంత్రాలు కొన్నే, రోగులు ఎందరో. ఎవరికి చికిత్స ఇవ్వాలో తేల్చడానికి ఊరి పౌరులతో ఒక సంఘం వేశారు. ఒకరిని ఎంచుకుంటే మరొకరిని చావుకు వదిలినట్టే! ఉద్యోగం చూడాలా? పిల్లలున్నారా అని చూడాలా? ఈ సంగతి పత్రికలలో వచ్చాక దేశమంతా చర్చ లేచింది. చివరికి 1972లో, కిడ్నీ రోగుల చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించేలా అమెరికా చట్టం చేసింది. మనదేశంలో 2016లో జాతీయ డయాలిసిస్ పథకం ప్రకటించారు. దీనికింద జిల్లా ఆసుపత్రులలో పేదలకు ఉచితంగా డయాలిసిస్ చేస్తారు. యంత్రం కనిపెట్టటం ఒక ఎత్తు, అది అందరికీ అందేలా చేయటం మరో ఎత్తు.

ఇప్పటి యంత్రం

నేటి డయాలిసిస్ యంత్రంలో పీపా ఉండదు. మూరెడుకన్న తక్కువ పొడవున్న పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. అందులో దాదాపు పదివేల సన్నని బోలు దారాలు. రక్తం దారాల లోపల, శుద్ధి ద్రావణం వెలుపల ఎదురెదురుగా ప్రవహిస్తాయి. ద్రావణం నిమిషానికి సుమారు అరలీటరు చొప్పున పోతుంది. చికిత్స నాలుగు గంటలనుకుంటే ఎన్ని లీటర్లు కావాలో లెక్కవేయండి. 120 లీటర్లు! అందుకే డయాలిసిస్ కేంద్రానికి చాలా శుద్ధమైన నీరు సమృద్ధిగా ఉండాలి. కడుపులోని సహజమైన పొరనే జల్లెడగా వాడుకుని, ఇంటివద్దనే చేసుకునే పద్ధతి కూడా 1970ల చివరినుంచి వాడుకలోకి వచ్చింది.

అయినా యంత్రం అసలు పిండానికి సాటిరాదు. వారానికి 168 గంటలు. మూత్రపిండాలు ఆ గంటలన్నీ పనిచేస్తాయి. యంత్రం పనిచేసేది పన్నెండు గంటలే. పైగా ఎర్ర రక్తకణాల తయారీకి అవసరమైన ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోనును మూత్రపిండాలు తయారుచేస్తాయి. యంత్రం చేయలేదు. 1980ల చివరివరకు డయాలిసిస్ రోగులు పాలిపోయి, నీరసించి ఉండేవారు. 1985లో ఆ హార్మోను జన్యువును వేరుచేశాక, దానిని మందుగా తయారుచేయటం సాధ్యమైంది. వేరొకరి మూత్రపిండం అమర్చుకోవటం అన్నిటికన్న మంచి చికిత్స. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే కవల సోదరులలో ఒకరి పిండాన్ని మరొకరికి అమర్చి దీనికి బాట వేశాడు. మనదేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లో అటువంటి శస్త్రచికిత్స విజయవంతమైంది.

మన గుమ్మంలోని ప్రశ్న

అన్నిటికన్న మేలు, డయాలిసిస్ అవసరం రాకుండా చూసుకోవటం. మూత్రపిండాలను ఎక్కువగా దెబ్బతీసేవి మధుమేహం, రక్తపోటు. నొప్పిమాత్రలు డాక్టరును అడక్కుండా నెలల తరబడి మింగటం కూడా ప్రమాదమే. మధుమేహానికి వాడే ఒక తరగతి మందులు మూత్రపిండాల క్షీణతను నెమ్మదింపజేస్తాయని 2019, 2020ల్లో వెలువడిన పెద్ద పరిశోధనలు చూపాయి.

కాని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మాట వేరు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడిమామిడి తోటల పచ్చని సీమ అది. అక్కడ మధుమేహం, రక్తపోటు లేని రైతులకూ, కూలీలకూ మూత్రపిండాలు చెడిపోతున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలలోనూ ఇటువంటి జబ్బే కనిపిస్తోంది. తాగే నీరా, పురుగుమందులా, మండుటెండలో నీళ్ళు చాలక చేసే శ్రమా, లేక ఇవన్నీ కలిసా? శాస్త్రజ్ఞులు నీటినీ, మట్టినీ, రక్తాన్నీ పరీక్షిస్తున్నారు. కారణం ఇంకా రుజువు కాలేదు.

పదహారు మంది రోగుల వివరాలు ఓపికగా రాసిపెట్టినవాడికి పదిహేడోసారి ఫలితం దక్కింది. ఉద్దానం ప్రశ్నకు జవాబు చెప్పేవారికీ ఆ ఓపికే కావాలి. ఆ పని చేసేవారు ఈ వ్యాసం చదివే మీలోనే ఉండవచ్చు.

చేసి చూడండి

మీ బడి ప్రయోగశాలలో మాస్టారి సమక్షంలో ఈ ప్రయోగం చేయండి. పలుచని పాలిథీన్ సంచిలో చల్లారిన అన్నపు గంజి పోసి, మూతి గట్టిగా కట్టండి. పైన కడిగి, గాజుబీకరులోని నీళ్ళలో ఉంచండి. ఆ నీళ్ళలో పది చుక్కల అయోడిన్ ద్రావణం వేయండి. కొన్ని గంటల తరువాత చూస్తే సంచిలోని గంజి నీలిరంగుకు మారుతుంది. బయటి నీళ్ళు మాత్రం నీలంగా మారవు. అయోడిన్ లోపలికి వెళ్ళింది, గంజి బయటికి రాలేదు! పాలిథీన్‌లోగుండా అయోడిన్ దూరే తీరు సెల్లోఫేన్ రంధ్రాల తీరువంటిది కాదు. అయినా ఒకదానిని పోనిచ్చి మరొకదానిని ఆపే పొర ఎలా పనిచేస్తుందో మీ కళ్ళతో చూడగలుగుతారు. ప్రయోగం అయ్యాక ఆ ద్రవాలను పారబోసి, చేతులు శుభ్రంగా కడుక్కోండి.